తిరుగు టపా లేని పత్రిక

పలమనేరు దాటి వి.కోట దారి పట్టింది బస్సు. బస్సులో కూర్చున్నది ఆదెప్ప ఒళ్లు మాత్రమే. మనసు ఇంకా పుంగనూరు బస్టాండులోనే, కిటికీ కింద నిలబడి కూతురు చెప్పిన మాట దగ్గరే ఆగిపోయింది. ఎంత గడుసుదో చూడండి ఆ మునీశ్వరి! పొద్దున్నుంచీ నాయన వెంబడే తిరిగింది, పెళ్లిపత్రికల మూలలకు పసుపు పెట్టింది, తాంబూలం పళ్లేనికి అరటిపళ్లు తుడిచి పెట్టింది, బస్టాండు దాకా సంచులు మోసింది, అంతసేపూ ఒక్క మాట పెగల్లేదు. ముందే చెబితే నాయన నాలుగు ప్రశ్నలు వేస్తాడని, కండక్టరు విజిలు ఊదేదాకా కాచుకుని, అప్పుడు పట్టుకుంది కిటికీ ఊచలు. "నాయనా, పసుపు సంచిలో ఉండేవి నేను కొట్టించిన పత్రికలు. ప్లాస్టిక్ కవర్లో ఉండేవి మామూలువి. కుప్పంలో మామకు నీకేవి ఇయ్యాలనిపిస్తే అవే ఇయ్యి. నేనేమీ అనుకోను." తనేమీ అనుకోదట! ఇంట్లో ఆడవాళ్లు ఆ మాట అన్నారంటే ఏమేం అనుకుంటారో ఆదెప్పకు తెలియదా? భార్య వరలక్ష్మి ఆ మాట అన్న వారం అంతా చారులో ఉప్పు ఉండదు. "పత్రికల్లో నీవేంది, మామూలువేందమ్మా" అని ఆయన నోరు తెరిచేసరికి బస్సు మలుపు తిరిగింది, దుమ్ములో కూతురి చెయ్యి ఊగడం ఒక్కటే కనబడింది.

అసలు సంచి ఎత్తినప్పుడే అనుమానం రావాల్సింది, పత్రికలు ఇంత బరువేమిటి అని. కానీ పెళ్లి ఇంటి యజమానికి అనుమానాలకు తీరిక ఎక్కడుంది, అందులోనూ చైత్రమాసం, చింతపండు దిగే కాలం, అంగడి ముందు బండ్లు నిలబడి ఉంటే అన్నీ వదిలిపెట్టి కుప్పం బయలుదేరాడు. మొదటి పత్రిక మగపెళ్లివారికి ఇచ్చి రావాలి, వాళ్ల తరఫు చుట్టాలకు పంచుకోవడానికి ఒక కట్ట కూడా ఇవ్వాలి. వియ్యంకుడు నల్లప్ప చేతిలో ఏది పెడితే అదే ఇక ఊళ్లన్నింటికీ పోతుంది, ఒక పెళ్లికి రెండు రకాల పత్రికలు ఎవరూ పంచరు గదా. గంగవరంలో ఆయన అక్క పాపక్క బస్సెక్కింది. ముత్తైదువ తోడు లేకుండా పత్రిక ఇవ్వకూడదని వరలక్ష్మి కబురు చేస్తే, కొత్త చీర కట్టుకుని, ఒడినిండా ఉడకబెట్టిన శెనక్కాయలు పోసుకుని వచ్చింది, తమ్ముడికి ఒక దోసెడు పెట్టి, తను నాలుగు నమిలి, నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఆమె గురక మొదలయ్యాక ఆదెప్ప పసుపు సంచి ముడి విప్పాడు.

పైన అంతా సవ్యంగానే ఉంది. పచ్చని అట్ట, అట్ట మీద వినాయకుడు, శ్రీరస్తు శుభమస్తు, కింద ఎర్రని అక్షరాల్లో శుభలేఖ. తిప్పితే ముహూర్తం, వైశాఖమాసం, కల్యాణ మంటపం, వరుడు చి. ప్రతాప్, వధువు చి.ల.సౌ. మునీశ్వరి, పెద్దల పేర్లు. ఆదెప్ప వేలు పెట్టి పేర్లన్నీ సరిచూశాడు. వాళ్ల బంధువర్గంలో పత్రిక అందుకున్న ఏ మనిషైనా మొదట చూసేది ముహూర్తం కాదు, తన పేరు. పేరు లేకపోతే ఆ పెళ్లికి రారు, పేరు కిందికి పోతే వస్తారు గానీ అన్నం తినరు. పేర్లన్నీ ఉన్నాయి, వరుసగా ఉన్నాయి. హమ్మయ్య అనుకుని ఇంకో పేజీ తిప్పాడు. అక్కడ ఏమీ ఉండకూడదు. కానీ ఉంది. పొట్టి పొట్టి వరుసలు, పేజీ నడిమధ్యలో, చుట్టూ బోలెడంత తెల్ల కాగితం వదిలేసి. అయ్యయ్యో, మదనపల్లెలో అచ్చాఫీసు మధుసూదన్ ఎవరివో కాగితాలు కలిపేశాడే అనుకున్నాడు. ఇంకోటి తిప్పాడు, ఇంకోటి, ఇంకోటి. ప్రతి పేజీలోనూ పొట్టి వరుసలే. చివరి పేజీలో, బంధుమిత్రుల అభినందనలతో అన్న మాటకు పైన, చిన్న అక్షరాల్లో, ఇందులోని కవితలన్నీ వధువు రాసినవి అని ఉంది.

ఆదెప్ప పుస్తకం మూసి కిటికీలోంచి బయటకు చూశాడు. బయట మల్బరీ తోటలు పచ్చగా పోతున్నాయి, ఒక ఆడమనిషి గోనెసంచిలో ఆకు తొక్కి తొక్కి కూరుతోంది, ఆమెకేం తెలుసు, ఈ బస్సులో ఒక మనిషి కొంప మునుగుతోందని. పత్రిక నీ ఇష్టం వచ్చినట్టు కొట్టించుకోమ్మా అని అన్నది ఎవరు? తనే. పదిమందిలో, ఆకు వక్క నములుతూ, మీసం దువ్వుకుంటూ అన్నాడు. అన్నప్పుడు ఆ పిల్ల కళ్లు ఎట్లా మెరిశాయో ఇప్పుడు గుర్తొస్తోంది. మంచి రంగు కార్డో, జరీ అంచు కార్డో అడుగుతుందనుకున్నాడు మానవుడు. పోయిన ఏడు ఇదే పిల్లను వెంటబెట్టుకుని మదనపల్లె పోయాడు, టమోటా మార్కెట్టు వెనక వీధిలో మధుసూదన్ అచ్చాఫీసుకు, అంగడి బిల్లుబుక్కుల పని మీద. మాటల్లో మాటగా కవితల పుస్తకం వేస్తావా అన్నా అని అడిగింది. మధుసూదన్ చేతులెత్తి దండం పెట్టాడు. "ముహూర్తాలు నడిచేటప్పుడు పుస్తకం మాట ఎత్తొద్దు తల్లీ. మిషను పెండ్లి పత్రికలకే చాల్లేదు. కవిత్వమంతా నేను ఆషాఢంలోనే వేసేది. పెండ్లిళ్లు ఉండవు, మిషనూ ఖాళీ, నేనూ ఖాళీ." సరే అని ఆషాఢం దాకా కాచుకుంది. ఆషాఢంలో పోతే బడుల్లో చేరమని, కాలేజీల్లో చేరమని కరపత్రాలు, అంగళ్లు ఊళ్లో కొత్త కాలేజీ వాళ్లవే బండెడు. మూఢంలో రా అన్నాడు. మూఢం వచ్చేసరికి మిషనుకు జబ్బు చేసింది. పుస్తకానికి ఎప్పుడూ రోజు కుదరదు, పెళ్లిపత్రికకు మాత్రం ఎప్పుడు పోయినా పెద్దపీట. ఓహో! ఆదెప్పకు ఒక్కసారిగా వెలిగింది. అందుకా! పుస్తకాన్ని పెళ్లిపత్రిక చేసి వరుసలో అందరికంటే ముందుకు తోసిందా! పకపకా నవ్వు వచ్చేసింది ఆయనకు. ముప్పై ఏళ్లు చింతపండు వ్యాపారం చేసిన తనకే ఇంత ఉపాయం తట్టదు. ముందు సీటులో టమోటా గంపలు కాళ్ల దగ్గర పెట్టుకున్న రైతు వెనక్కి తిరిగి చూశాడు. "ఏమీ లేదప్పా, బిడ్డ పెండ్లి," అన్నాడు ఆదెప్ప. బిడ్డ పెళ్లి ఉన్నవాడు ఒంటరిగా నవ్వినా, ఒంటరిగా ఏడ్చినా లోకం ఏమీ అనుకోదు. రైతు తల ఊపి ముందుకు తిరిగాడు.

నవ్వు అణిగాక తిరుగు టపాలు గుర్తొచ్చాయి. పదో తరగతి నుంచీ రాస్తోంది. విజయవాడకు పంపేది, హైదరాబాదుకు పంపేది, పంపేటప్పుడే తన చిరునామా రాసి స్టాంపు అంటించిన ఇంకో కవరు లోపల పెట్టేది. ఇదేం ఆచారమమ్మా, మనం పెట్టిన కవర్లోనే మనకు లేదని చెబుతారా అని అడిగితే, అది మర్యాద నాయనా అంది. ఆ మర్యాద కవర్లు ఇంటికి కాదు, అంగడికి వచ్చేవి. పోస్టుమ్యాన్‌కు వాళ్ల వీధి దూరం, చింతపండు అంగడి దారిలో ఉండేది. కవరు పైన ఉన్నది మునీశ్వరి చేతిరాతే కాబట్టి లోపల ఏముందో విప్పకుండానే తెలిసిపోయేది. పల్చగా ఉంటే మంచిది, లావుగా ఉంటే కవితలన్నీ తిరిగొచ్చినట్టు. ఎప్పుడూ లావుగానే ఉండేది. లోపల ఒక అచ్చు చీటీ, ప్రచురించలేకపోతున్నందుకు చింతిస్తున్నాము అని. చింత అమ్ముకునేది నేను, పంచిపెట్టేది వీళ్లా అని ఆదెప్ప తిట్టుకునేవాడు. తిట్టుకుని, కవరును అంగీ లోపలి జేబులో పెట్టుకుని, సాయంత్రం ఇంటికి పోయి, కూతురు అన్నం తినేదాకా ఆగేవాడు. ముందిస్తే అన్నం సరిగా తినదు. తిన్నాక ఇస్తే, కవరు తీసుకుని, అలవాటైపోయినట్టు, "ఓ, వచ్చేసినాయా," అనేది, పొలానికి పోయిన ఆవులు ఇంటికొచ్చినట్టు. ఏమమ్మా బాధగా ఉందా అని ఒక్కనాడూ అడగలేదు తను. ఎట్లా అడగాలో తెలిస్తే గదా! పోయిన నెలలో ఒక రాత్రి భోజనాల దగ్గర వాళ్లమ్మతో అంటుంటే విన్నాడు, అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు మాట మాటా వినబడుతోంది. "అమ్మా, లోకంలో ఎవురూ తిప్పి పంపని కాగితం ఏదో తెలుసా? పెండ్లి పత్రిక. రెండు చేతుల్తో తీసుకుంటారు, కండ్లకద్దుకుంటారు, గోడకు తగిలిస్తారు. రానోళ్లు గూడా పారెయ్యరు."

వి.కోటలో బస్సు ఆగింది. మజ్జిగ అమ్మేవాళ్లు, దోసకాయ ముక్కలు అమ్మేవాళ్లు కిటికీలను చుట్టుముట్టారు. తెలుగు, కన్నడం, అరవం మూడూ ఒక్క అరుపులోనే కలిసి వచ్చాయి. పాపక్క కళ్లు తెరవకుండానే కుప్పమేనా అంది, కాదులే అంటే మళ్లీ గురక. ఆదెప్ప మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, చుట్టూ చూసి, దొంగసొమ్ము విప్పినట్టు మళ్లీ పుస్తకం విప్పాడు. చేతికొచ్చిన పేజీ పైన మా నాయన అని ఉంది. మూసేశాడు. మళ్లీ తెరిచాడు. తన గురించి అచ్చులో ఏముంటుందో చూసుకోవడానికి ఎంత ధైర్యం కావాలో ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు ఆయనకు.

మా నాయనకు అంగట్లో మాటలెక్కువ.
తక్కెడతో మాట్లాడతాడు, చింతపండుతో మాట్లాడతాడు,
బేరానికి వచ్చినోళ్ల మేకతో కూడా మాట్లాడతాడు.
ఇంటికొచ్చేసరికి అన్నీ అయిపోతాయి.
ఒక్క పూట అంగడి మూసెయ్యి నాయనా,
నాకు కొన్ని మిగలనీ.

"నేనా మాట్లాడంది!" అని పైకే అనేశాడు. టమోటా రైతు మళ్లీ వెనక్కి తిరిగాడు. ఏమీ లేదప్పా అని మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మేకతో మాట్లాడిన మాట నిజమే, ఆ మేక చింతపండు బుట్టలో మూతి పెడితే మాట్లాడక ముద్దు పెట్టుకుంటారా? ఇంట్లో మాట్లాడడా తను? మాట్లాడతాడు. అన్నం పెట్టు అంటాడు. లైటు ఆర్పు అంటాడు. రేపు కరెంటు ఉండదంట అంటాడు. ఇంకా... ఇంకా ఏమంటాడు? ఆదెప్ప బుర్ర గోక్కున్నాడు. ఎంత వెదికినా నాలుగో మాట దొరకలేదు. కోపం రావాలి న్యాయంగా, ఇంటి మాట వెయ్యిమందికి పంచిపెడుతుందా అని. కోపం రాలేదు, ఒట్టు, గర్వంగా ఉంది. మా నాయన అని అచ్చులో ఉంది, అచ్చు! పుంగనూరు బజారులో ఎవరి మీద ఉంది ఇట్లా? ముందు సీటు రైతు మూపు మీద తట్టి, చూడప్పా, ఇది నేనే అని చూపిద్దామా అని చెయ్యి ముందుకు పోయింది, సిగ్గేసి వెనక్కి తీసుకున్నాడు.

ఆ సంతోషం శాంతిపురం దాకా కూడా నిలవలేదు. ఎందుకంటే మొదటి కవిత, కంగారులో చూపు జారిపోయిన ఆ మొదటిది, ఇప్పుడు చదివాడు. పేరు నడక.

నడిచి చూపించమన్నారు.
వాకిలి నుంచి గోడ దాకా నడిచినాను.
ఇప్పుడు మీరు నడవండి, అన్నాను.
ఆయన లేచినాడు. నడిచినాడు.
గోడ దాకా కాదు,
నా దాకా.

దేవుడా! ఆ రోజు కళ్లముందు నిలబడింది. పిల్లను చూడ్డానికి కుప్పం నుంచి జీపునిండా వచ్చారు. ఓళిగలు, వడలు, కాఫీలు అయ్యాయి. నల్లప్ప పట్టుగూళ్ల వ్యాపారి, పెద్ద తలపాగా, పెద్ద గొంతు, గూడు చేత్తో నొక్కి నాణ్యం చెప్పే మనిషి. ఏ దురుద్దేశమూ లేకుండానే, అందరూ అనేదే కదా అన్నట్టు, పాపను ఒకసారి నడవమనండి అన్నాడు. మునీశ్వరి నడిచింది. గోడ దాకా పోయి, వెనక్కి తిరిగి, పెళ్లికొడుకు ప్రతాప్ ముఖం చూసి, ఇప్పుడు మీరు నడవండి అంది. ఇల్లంతా కరెంటు పోయినట్టయింది. వరలక్ష్మి చేతిలో వక్కల పళ్లెం జారింది. నల్లప్ప తలపాగా కింద నుదురు ఎర్రబడింది. లేచి తువ్వాలు దులిపాడు, పోదాం పదండి అని. ఆయన దులపడం, కొడుకు లేవడం ఒకేసారి జరిగాయి. ఆ పిల్లవాడు నవ్వుతూ లేచి, బుద్ధిగా నడిచి, మునీశ్వరికి రెండడుగుల దూరంలో ఆగి, చాలునా, ఇంకా నడవాల్నా అని అడిగాడు. పెద్దలు కలగజేసుకుని ఏదో నవ్వులాటకు అన్నాది అని సర్దారు. నల్లప్ప నవ్వలేదు. జీపు ఎక్కేటప్పుడు కూడా నవ్వలేదు. పెళ్లి ఖాయమైంది కొడుకు పట్టుబట్టి, లేకపోతే అక్కడితో సరి. టెలిఫోను ఎక్స్ఛేంజీలో పని చేస్తాడు ప్రతాప్. ఆ వారం నుంచీ అంగడి ఫోను రోజూ మోగడం మొదలుపెట్టింది, కుప్పం నుంచండీ, మీ లైను బాగుందా అని. బాగుండాదప్పా అని చెప్పి పెట్టేసేవాడు ఆదెప్ప. ఎన్నో రోజుకో గానీ తెలిసి రాలేదు, పరీక్ష చేస్తున్నది లైనును కాదని. అప్పటినుంచి ఫోను మోగితే ఏదో పని ఉన్నట్టు గోదాములోకి పోతున్నాడు, కూతురు అంగట్లో ఉన్న వేళ.

ఇప్పుడు ఆ మాటను, నల్లప్ప మింగలేక మింగిన ఆ మాటను, నల్లప్ప పేరే ఉన్న పత్రికలో మొదటి కవితగా అచ్చువేసి, పసుపు పూసి, నల్లప్ప చేతుల్లోనే పెట్టాలి. ఆయన కుప్పంలో పంచిపెట్టాలి! ఆదెప్పకు చెమటలు పట్టాయి. వద్దు. మామూలువే ఇద్దాం. ప్లాస్టిక్ కవరు ఒళ్లోకి తీసుకున్నాడు. ఎంత తేలిగ్గా ఉన్నాయి, ఎంత బుద్ధిమంతంగా ఉన్నాయి, వినాయకుడు, ముహూర్తం, పేర్లు, అయిపోయింది. ఆ పుస్తకాన్ని పెళ్లయ్యాక చూసుకుందాం, ఆషాఢంలో, తీరిగ్గా, మధుసూదన్ మిషను ఖాళీగా ఉన్నప్పుడు. అమ్మా, నీ కవితలు బాగుండాయి, కానీ ఇప్పుడు సందర్భం కాదు, ఇంకో సందర్భంలో తప్పకుండా... అని రాత్రికి కూతురితో చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటూ కూర్చుకుంటూ టక్కున ఆగిపోయాడు. ఈ మాటలు ఎక్కడో విన్నాడే! వినడం కాదు, చదివాడు. ఆ అచ్చు చీటీల్లో ఇదే వరుస. బాగుంది, కానీ. మరోసారి, తప్పకుండా. చీ, చీ. ఇన్నేళ్లూ ఎవరిని తిట్టుకున్నాడో వాళ్ల భాషే తన నోట్లోకి వచ్చి కూర్చుంది. ఈ పసుపు సంచిని సాయంత్రం ఇంటికి తీసుకుపోతే ఆ పిల్ల ఏమంటుంది? "ఓ, వచ్చేసినాయా," అంటుంది. అన్నం తిన్నాక ఇచ్చినా, తినకముందు ఇచ్చినా అంతే అంటుంది. నేనేమీ అనుకోనంటుంది.

పాపక్కను తట్టి లేపాడు. ఎవరో ఒకరికి చెప్పకపోతే ప్రాణం పోయేట్టుంది. చదువు రాని మనిషి, అందుకని గొంతు తగ్గించి నడక చదివి వినిపించాడు, సంగతంతా చెప్పాడు. ఆమెకు నిద్రమత్తు ఒక్క దెబ్బకు వదిలిపోయింది. "అయ్యో, అయ్యో, ఇంగేముండాది రా, ఆ నల్లప్ప తాంబూలం పళ్లెం ఎత్తి మన మొగానే కొడతాడు. తీసి లోపల పెట్టు, ఎవురన్నా సూస్తారు," అని పసుపు సంచిని తన కొంగుతో కప్పేసింది. బస్సు గ్రానైటు లారీ వెనక మెల్లగా పోతోంది, లారీ మీద ఇంటంత నల్లరాయి. పాపక్క శెనక్కాయ ఒలుస్తూ ఒలుస్తూ, తమ్ముడి వైపు చూడకుండానే అంది. "నన్నూ నడిపించినార్రా. ఒగ తూరి గాదు. కాలు వంకరేమో అని మీ బావోళ్ల జేజి, ఆ ముసిల్ది, మళ్లా మళ్లా నడిపించింది. నువ్వు బొంగరం ఆడతాండావు ఆడ. నేను తల దించుకోని నడిచినా. నువ్వు గూడా నడువు అని నాకు యాల తట్టలేదో!" అని, ఉన్నట్టుండి నవ్వు మొదలుపెట్టింది, మొగుణ్ణి నడిపిస్తున్నట్టు ఊహించుకుందో ఏమో, గంగవరంలో గేదెల కొట్టం ముందు ఆ మనిషి అటూ ఇటూ నడవడం కళ్లకు కట్టిందో ఏమో, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది, తమ్ముడి భుజం మీద గుద్దీ గుద్దీ నవ్వింది. ఆదెప్పకూ ఆగలేదు. ఇద్దరూ ముసలి వయసుకు దగ్గరపడ్డ వాళ్లు, పెళ్లిపత్రిక ఇవ్వడానికి పోతున్నవాళ్లు, బస్సులో అట్లా పడీ పడీ నవ్వుతుంటే టమోటా రైతు ఈసారి వెనక్కి తిరగనే లేదు.

కుప్పంలో దిగి, ఎండలో నడిచి, నల్లప్ప ఇంటి వాకిట్లో కాళ్లు కడుక్కునేదాకా ఏ సంచి అన్నది తేల్చుకోలేదు ఆదెప్ప. తేల్చుకుంటే కాళ్లు నడవవని తెలుసు. రండి బావా, రండి వదినా అని లోపలికి పిలిచారు, చాప పరిచారు, ఫ్యాను వేశారు, టీ తెచ్చారు. నల్లప్ప భార్య రాజేశ్వరి పళ్లెం సర్దింది. అరటిపళ్లు, ఆకు వక్క, పసుపు, కుంకుమ, అన్నీ పళ్లెంలోకి చేరాయి, పత్రిక ఒక్కటే మిగిలింది. పాపక్క చూపు తమ్ముడి చేతుల మీద ఉంది. ప్లాస్టిక్ కవరు దగ్గరగా ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. ఆదెప్ప ఒంగి, దాన్ని పక్కకు జరిపి, పసుపు సంచిలో చెయ్యి పెట్టాడు. పత్రిక పళ్లెంలో పెట్టి, రెండు చేతులా పట్టుకుని, "బావా, బిడ్డ పెండ్లికి రావల్ల, మీరే నిలబడి జరిపించల్ల," అన్నాడు.

నల్లప్ప కళ్లకద్దుకున్నాడు. కళ్లజోడు తెప్పించుకున్నాడు. వాళ్ల ఇంట్లో పద్ధతి ఒకటుంది, మొదటి పత్రికను ఇంటి పెద్ద అందరికీ వినబడేటట్టు చదవాలి, మొదలుపెట్టాక చివరిదాకా చదవకుండా కింద పెట్టకూడదు, మధ్యలో ఎవరూ లేవకూడదు. మధ్యలో వదిలేస్తే అశుభం. శ్రీరస్తు దగ్గర ఎత్తుకున్నాడు, సంతలో గూళ్ల ధర పాడే గొంతుతో. ముహూర్తం చదివాడు, పేర్లు చదివాడు, తన పేరు వచ్చినప్పుడు కొంచెం సాగదీసి చదివాడు. పేజీ తిప్పాడు. పత్రికలో ఉన్నదంతా పత్రికే కదా ఆయనకు, అదే రాగంతో "నడక" అన్నాడు. నడిచి చూపించమన్నారు. వాకిలి నుంచి గోడ దాకా నడిచినాను. అక్కడ గొంతు తడబడింది. ఆపడానికి లేదు. ఇప్పుడు మీరు నడవండి, అన్నాను. రాజేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆదెప్ప నేలచూపులు చూస్తూ కూర్చున్నాడు, చాపలో ఈతాకు పోగులన్నీ ఒక్కొక్కటిగా కనబడుతున్నాయి. గోడ దాకా కాదు, నా దాకా. నల్లప్ప కళ్లజోడు పైకి తోసుకుని, ఆ పేజీని మళ్లీ మొదటినుంచి చదివాడు. ఈసారి పాడలేదు, మెల్లగా, తనలో తను చదువుకున్నట్టు చదివాడు. చదివి, వసారా తలుపు దగ్గర నిలబడి చెవులు రిక్కించిన కొడుకు వైపు చూశాడు. "యారా ప్రతాపూ, ఆ పొద్దు గోడ దాకా పోలేదా నువ్వు?"

"లేదు నాయనా."

"నేను తువ్వాలు దులిపే పనిలో ఉంటి. సూడలేదు." నల్లప్ప గడ్డం గోక్కున్నాడు. "బో బాగా రాసినాది బావా మీ పాప. నేను అన్న మాటే పెట్టినాది, నా పేరు యాల పెట్టలేదో అడగల్ల. నడిచి సూపించమన్నారు అంట. ఎవురన్నారు? నల్లప్ప అన్నాడు! అట్ల రాయల్ల గదా!" రాజేశ్వరి నవ్వు కొంగులోంచి బయటపడింది, పాపక్క నవ్వు దానికి తోడైంది. ఇంగా ఏమేం రాసినాదో అంటూ నల్లప్ప నాలుక మీద వేలు తడి చేసుకుని పేజీ తిప్పాడు. ఆదెప్పకు కూర్చున్న చోట కాలు నిలవలేదు, ఒళ్లంతా కూతురి దగ్గరికి పరుగెత్తుతోంది. ఎస్టీడీ బూత్ వీధి చివరే చూశాడు వచ్చేటప్పుడు. "బావా, ఒక్క నిమిషం, అంగడికి ఫోన్ చేసొస్తా," అని మోకాళ్ల మీద లేచాడు.

"కూసో బావా!" అని గద్దించాడు నల్లప్ప. "పత్రిక సదవతాండా గదా, నడిమధ్యలో ఎట్ల లేస్తావు?"

ఆదెప్ప కూర్చున్నాడు. పుస్తకంలో ఇంకా బోలెడన్ని పేజీలు మిగిలి ఉన్నాయి.